నాన్నకి పడనిది ఏసీ కాదు

మా ఇంట్లో పదేళ్ళకి పైగా అందరం నమ్మిన మాట ఒకటుంది. నాన్నకి ఏసీ పడదు.

కారెక్కిన పది నిమిషాలకి గొంతు సవరించుకోవడం మొదలుపెడతారు. కాజ టోల్‌గేటు దగ్గరికి వచ్చేసరికి దగ్గు అందుకుంటుంది. "ఆపెయ్యమ్మా, అద్దాలు దించుకుందాం" అంటారు. రోహిణి కార్తె ఎండలో, లారీల మధ్య, హైవే మీద అద్దాలు దించుకుని గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళిన రోజులు ఎన్నో ఉన్నాయి. వెనక సీట్లో అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చునేది. మేమందరం నాన్నని విసుక్కునేవాళ్ళం. ఏసీ ఉన్న కారు కొనుక్కుని ఈ అవస్థ ఏమిటని.

దగ్గుకి మా దగ్గర కారణం కూడా సిద్ధంగా ఉండేది. నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశారు. సీజన్లో యార్డు గేటు దాటి లోపలికి అడుగుపెడితే కొత్తవాళ్ళు తుమ్మకుండా పది అడుగులు వెయ్యలేరు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దింపుతుంటే లేచే ఆ ఎర్ర దుమ్ములో ఆయన లెక్కలు రాశారు. రిటైరయ్యాక ఆస్తమా అని తేలింది. కాబట్టి కారులో వచ్చేదాన్ని కూడా యార్డు దగ్గనే అనుకున్నాం. రెండు నెలలకోసారి విజయవాడలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది కూడా ఆ కారులోనే.

రెండేళ్ళ కిందట ఆగస్టులో, అలా చూపించుకుని వస్తుంటే మంగళగిరి దాటాక వాన పట్టుకుంది. రాత్రి ఎనిమిదిన్నర. లోపలి నుంచి ముందద్దం మొత్తం ఆవిరి పట్టేసింది. అద్దం మీదికి గాలి కొట్టే బటన్ నొక్కాను, ఏసీ వేశాను, బ్లోయర్ నాలుగులో పెట్టాను. హోరుమని చప్పుడు వస్తోంది, గాలి రావట్లేదు. చెయ్యి పెట్టి చూస్తే ఎవరో మెల్లగా ఊదినట్టుంది, అంతే. నాన్న తువ్వాలుతో తుడుస్తున్నారు, తుడిచిన చోటే మళ్ళీ తెల్లబడుతోంది. ఎదురు లైట్లు అద్దం మీద పెద్ద పెద్ద మచ్చల్లా పరుచుకున్నాయి. పక్కకి తీసి ఇండికేటర్లు వేసుకుని ఇరవై నిమిషాలు ఆగిపోయాం. ఆ ఇరవై నిమిషాలూ వెనక నుంచి ఏ లారీ వచ్చి గుద్దుతుందోనని నాకు టెన్షన్.

మర్నాడు మెకానిక్‌కి చూపిస్తే "గ్యాస్ తక్కువైంది మేడం, కొట్టిద్దాం" అన్నాడు. అంతకుముందు కూడా మూడుసార్లు ఇదే మాట మీద గ్యాస్ కొట్టించాం. ఈసారి నాకు మనసొప్పలేదు. ఏసీ గ్యాస్ పెట్రోలులాగా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. మా కారు కాలం నాటి వాటిలో ఉండేది ఆర్-134ఎ అనే గ్యాస్. అది మూసి ఉన్న పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుందన్నమాట, ముందు ఆ లీకు పట్టుకోవాలి. ఇంకో సంగతి, గ్యాస్ తగ్గితే గాలి బాగానే వస్తుంది కానీ చల్లగా ఉండదు. మాకు వచ్చే ఆ కాస్త గాలి చల్లగానే ఉంది. రావడమే లేదు. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. మీ కారులో ఏసీ పని చెయ్యట్లేదని ఎవరైనా అంటే మొదట ఈ ఒక్క ప్రశ్న అడగండి: గాలి వేడిగా వస్తోందా, అసలు రావట్లేదా?

ఆ ఆదివారం కారు మాన్యువల్ కోసం గ్లవ్ బాక్స్ తెరిచాను. 2012లో కారు కొన్నప్పటి నుంచీ ప్లాస్టిక్ కవరు విప్పని పుస్తకం అది. ఏసీ గురించి రాసిన పేజీల్లోనే ఉంది, క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్ అని, కారులో మనం పీల్చే గాలిని వడకట్టేది. బొమ్మ కూడా వేశారు. గ్లవ్ బాక్స్ విప్పితే దాని వెనకే ఉంటుందట. పదకొండేళ్ళు ఆ పుస్తకం ఫిల్టర్‌కి జానెడు దూరంలోనే ఉంది.

గ్లవ్ బాక్స్ ఖాళీ చెయ్యడానికే పావుగంట పట్టింది. పాత పొల్యూషన్ సర్టిఫికెట్లు ఒక కట్ట, ఫాస్టాగ్ రాకముందు నాటి టోల్ రసీదులు, కోటప్పకొండ కుంకుమ పొట్లం, నాన్న పాత కళ్ళజోడు, ఎక్స్‌పైరీ దాటిన ఇన్‌హేలర్ ఒకటి. లోపల రెండు పక్కలా బొటనవేలంత ప్లాస్టిక్ బిరడాలున్నాయి. వాటిని తిప్పి లాగితే వస్తాయి. కుడివైపు చిన్న తాడులాంటిది కొక్కేనికి తగిలించి ఉంటే అది తప్పించాను. బాక్సు మొత్తం మోకాళ్ళ మీదికి వాలింది. వెనకాల నల్లటి డబ్బా, దానికి ఒక మూత, మూతకి రెండు క్లిప్పులు. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

మూత తియ్యగానే ముందు వాసన వచ్చింది. వానాకాలంలో మూసిపెట్టిన గోనెసంచి వాసన. డ్రాయర్ లాగినట్టు ఫిల్టర్ బయటికి లాగుతుంటే కింద పరిచిన పేపరు మీద చెత్త రాలింది. వేపాకులు. మా కారు పన్నెండు నెలలూ వేపచెట్టు కిందే ఉంటుంది. ఎండి గోధుమ రంగుకి తిరిగిన ఆకులు, ఉగాదినాటి వేపపూత, ఏదో పురుగు రెక్క, వడ్ల పొట్టు. ఫిల్టర్ మడతల మధ్య దుమ్ము పొడిపొడిగా లేదు. తడిసి, ఎండి, మళ్ళీ తడిసి నల్లటి దుప్పటిలాగా గట్టిపడిపోయింది. వేలితో గీకితే పెచ్చుగా ఊడి వస్తోంది. ఒక మూల ఎలుక కొరికి దూదిలా చేసింది. ఫ్రేము అంచున గడియారం ముఖంలాంటి అచ్చు గుర్తు, దాని మధ్యలో 12 అని అంకె, అంటే 2012లో తయారైంది. కారుతో పాటు ఫ్యాక్టరీలో పెట్టిన ఫిల్టరే.

నాన్న అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. లేచి దగ్గరికి వచ్చి, దాన్ని ముట్టుకోకుండా వంగి చూసి, "ఇందులోంచా తల్లీ గాలి పీల్చాం ఇన్నాళ్ళూ?" అన్నారు. దానికి నేనేమీ అనలేకపోయాను. పదేళ్ళు ఆయన చెప్తూనే ఉన్నారు, గాలి బాగోలేదని. మేం దాన్ని ఏసీ పడదు అనే మాటలోకి మార్చేసి పక్కన పెట్టేశాం.

కారులో గాలి ఎటు నుంచి వస్తుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఏసీ అంటే లోపలి గాలినే చల్లబరిచేది అని ఒక నమ్మకం. ముందద్దం కింద, వైపర్ల దగ్గర ఒక జాలీ ఉంటుంది. బయటి గాలి అందులోంచి దిగుతుంది. లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కితే ఆ దారి మూసుకుని, ముందు సీట్లో కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గర నుంచి గాలిని లాక్కుంటుంది. మా కారులో ఈ రెండు దారులూ కలిశాక ఫిల్టర్, దాని కింద బ్లోయర్, ఆ తర్వాత మెకానిక్‌లు కూలింగ్ కాయిల్ అనే ఇవాపొరేటర్ ఉన్నాయి. కాయిల్ చల్లగా ఉంటుంది కాబట్టి గాలిలోని తేమ దాని మీద నీళ్ళయి కారుతుంది. ఏసీ వేసి ఆపిన కారు కింద చుక్కలు పడేది ఆ నీళ్ళే. ఫిల్టర్ చిరిగినా, లేకపోయినా దుమ్ము తిన్నగా పోయి ఆ తడి కాయిల్‌కి అంటుకుంటుంది. తడి, దుమ్ము, చీకటి మూడూ కలిసిన చోట బూజు పడుతుంది. ఏసీ వెయ్యగానే వచ్చే ముక్కిన వాసన అదే. ఆ వాసన తెలియకుండా కారులో సెంటు సీసా పెట్టుకుని తిరుగుతుంటాం.

నాన్న దగ్గుకి మొత్తం కారణం ఈ ఫిల్టరే అని నేను చెప్పను. చల్లటి పొడిగాలి కూడా ఆస్తమా ఉన్నవాళ్ళని ఇబ్బంది పెడుతుంది. యార్డులో పీల్చిన ముప్పై ఏళ్ళ మిర్చి దుమ్ము ఎక్కడికీ పోదు. కానీ బూజు, దుమ్ము ఆస్తమాని రేపుతాయన్నది ఏ డాక్టరైనా చెప్పే మాట. ఇంట్లో దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకమని, ఫ్యాన్ రెక్కలు తుడవమని మాకు చెప్పారు, మేం శ్రద్ధగా చేశాం. వాకిట్లో ఉన్న కారు సంగతి మాత్రం మాకెవరికీ తట్టలేదు.

అప్పుడే కారు బిల్లుల ఫైలు తీశాను. నాన్న గుమాస్తా కాబట్టి ప్రతి కాగితం తేదీ వారీగా ఉంది. మొదటి ఐదేళ్ళు సర్వీస్ సెంటర్ బిల్లులు, ఆ తర్వాత బయటి మెకానిక్ చేతిరాత బిల్లులు. ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ నాలుగుసార్లు మార్చారు. ఆయిల్ ఫిల్టర్ ప్రతిసారీ మార్చారు. ఏసీ గ్యాస్ మూడుసార్లు. క్యాబిన్ ఫిల్టర్ ఒక్కసారి కూడా లేదు. మార్చమని మేం అడగలేదు, మార్చాలని వాళ్ళు చెప్పలేదు.

నా బాధంతా ఇక్కడే. ఒకే కారులో గాలికి రెండు ఫిల్టర్లున్నాయి. ఒకటి ఇంజిన్‌కి, ఒకటి మనుషులకి. ఇంజిన్‌ది అడగకుండానే మారుస్తారు, ఎందుకంటే అది పూడుకుపోతే బండి లాగదు, కస్టమర్ వెంటనే గొడవ చేస్తాడు. మనుషులది పూడుకుపోతే దగ్గు వస్తుంది, మనం దగ్గేవాళ్ళ మీద గొడవ చేస్తాం. ఇంజిన్ పీల్చే గాలి చాలా ఎక్కువ, నిజమే. 1.2 లీటర్ల ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతూ పూర్తిగా లాగితే వెయ్యి లీటర్లు దాటుతుంది. కూర్చున్న మనిషికి నిమిషానికి ఆరేడు లీటర్లు చాలు. కానీ ఇంజిన్ బోరుకొస్తే రీబోర్ చేయించుకుంటాం. నాన్న ఊపిరితిత్తులకి అలాంటి షెడ్డు ఎక్కడుంది?

పొల్యూషన్ సర్టిఫికెట్ల కట్ట చూసినప్పుడు కూడా ఇదే అనిపించింది. కారు బయటికి వదిలే గాలికి లెక్కుంది, తేదీ ఉంది, లేకపోతే ఫైను ఉంది. కారు లోపలికి తెచ్చే గాలిని అడిగేవాళ్ళు లేరు. 2019 జూలై నుంచి కొత్త కార్లు సీటు బెల్టు పెట్టుకోకపోతే కూత పెట్టాలని రూలు వచ్చింది, చాలా మంచి రూలు. ఎన్‌క్యాప్ అనే పేరు ఇప్పుడు మనకి రెండు చోట్ల వినిపిస్తుంది. ఒకటి 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్, గుద్దుకున్నప్పుడు కారు ఎంత కాపాడుతుందో చూసి స్టార్లు ఇస్తుంది. ఇంకొకటి 2019 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని ఊళ్ళ జాబితాలో మా గుంటూరూ ఉంది, విజయవాడా ఉంది. మన దేశంలో పీఎం 2.5కి, అంటే గాలిలో తేలే అతి సన్నటి రేణువులకి, రోజుకి పెట్టుకున్న హద్దు క్యూబిక్ మీటరుకి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 15. ఒక ఎన్‌క్యాప్ కారుని చూస్తోంది, ఇంకో ఎన్‌క్యాప్ ఊరి గాలిని చూస్తోంది. ఆ ఊరి గాలి కారులోకి ఎలా వస్తోందో ఈ రెండిట్లో ఒక్కటైనా చూడాలని నేను కోరుకుంటున్నాను. కనీసం సర్వీస్ జాబ్ కార్డు మీద ఇంజిన్ ఫిల్టర్ పక్కన ఇంకో గడి ఉండాలి, మార్చిన తేదీతో.

ఇది చెప్తే నాకు ఎదురయ్యే వాదనలు రెండు. ఒకటి మెకానిక్‌ది. "మన రోడ్లకి ఆ ఫిల్టర్ వేస్టు మేడం, మూడు నెలల్లో నిండిపోద్ది, తీసేస్తే గాలి బ్రహ్మాండంగా వస్తది." తీసేస్తే గాలి బాగా వస్తుంది, నిజం. మూడు నెలల్లో నిండిపోయేంత దుమ్ము ఉన్నప్పుడు, ఫిల్టర్ తీసేస్తే ఆ దుమ్ము ఎక్కడికి పోతుంది? సగం కాయిల్ మీదికి, సగం మన లోపలికి. కాయిల్ పూడుకుపోతే డాష్‌బోర్డు విప్పాలి, మాకు ఒకతను ఏడెనిమిది వేలవుతుందని చెప్పాడు. కొత్త ఫిల్టర్ నాకు పడింది 320 రూపాయలు.

రెండో వాదన చుట్టాలది. అద్దాలు దించుకుంటే పోయేదానికి ఇదంతా ఎందుకని. ఊళ్ళో పొలాల మధ్య రోడ్డయితే నేనూ దించుకుంటాను, అంతకంటే హాయి లేదు. కానీ హైవే మీద బూడిద లారీ వెనకో, పాత డీజిల్ ఆటో వెనకో అద్దాలు దించుకుంటే వచ్చేది గాలి కాదు. ఆస్తమా మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ప్రయోగం పదేళ్ళు చేశాను కాబట్టి చెప్తున్నాను.

మార్చుకోవాలనుకునేవాళ్ళకి నాకు తెలిసింది రాస్తాను. షాపులో ఏసీ ఫిల్టర్ అని అడగండి, క్యాబిన్ ఫిల్టర్ అంటే ఒక్కోసారి ఇంజిన్‌ది ఇచ్చేస్తారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో కొన్నాను, పాతది సంచిలో వేసుకుని వెళ్ళి పక్కపక్కన పెట్టి కొలిచి తెచ్చుకున్నాను. కొలత అర అంగుళం తక్కువైనా గాలి ఫిల్టర్‌ని తప్పించుకుని పక్క సందులోంచి పోతుంది, వేసినట్టు ఉంటుందే తప్ప లాభం లేదు. తెల్లటి మామూలు రకం దుమ్మునీ పుప్పొడినీ ఆపుతుంది, సన్నటి పొగ రేణువుల్ని కొంతవరకే. నల్లగా ఉండే కార్బన్ రకం కొంచెం ఖరీదు, వాసనల్ని కూడా పట్టుకుంటుంది. ఫ్రేము మీద బాణం గుర్తు ఉంటుంది, అది గాలి పోయే దిక్కు. మా కారులో కిందికి ఉండాలి. మీ మాన్యువల్లో చూసుకోండి. పాతదాన్నే గాలి కొట్టించి పెట్టించుకోవడం, కుళాయి కింద కడగడం చెయ్యకండి. గాలి కొడితే పైపై దుమ్మే పోతుంది, మడతలు చిరిగే ప్రమాదం ఉంది. కొన్ని రకాల ఫిల్టర్ గుడ్డకి సన్న రేణువుల్ని లాగే విద్యుదావేశం ఉంటుంది, కడిగితే అది తగ్గిపోవచ్చు. ఏడాదికి ఒకటి లేదా పది పదిహేను వేల కిలోమీటర్లకి ఒకటి అని లెక్క పెట్టుకోండి. మన వైపు దుమ్ముకి మధ్యలో ఒకసారి తీసి చూడటం మంచిది. నేను సంక్రాంతి వెళ్ళాక చూస్తాను, కోతల దుమ్మంతా అప్పటికి చేరి ఉంటుంది.

ఇంకో రెండు అలవాట్లు చేసుకున్నాం. ఇల్లు రెండు మూడు నిమిషాల దూరం ఉందనగా ఏసీ ఆపేసి బ్లోయర్ మాత్రం ఉంచుతాను, కాయిల్ ఆరుతుంది. లారీల వెనక ఉన్నప్పుడు లోపలి గాలి తిరిగే బటన్ నొక్కుతాను, రోడ్డు ఖాళీ కాగానే తీసేస్తాను. నలుగురం కూర్చుని గంటసేపు అదే గాలి తిప్పితే మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుని నిద్ర ముంచుకొస్తుంది.

పాత కార్ల విషయంలో ఇదంతా ఇంకా ఎక్కువ అవసరం. కారు చేతులు మారేటప్పుడు మాన్యువల్ ఎక్కడో పోతుంది. కొన్నవాళ్ళు టైర్లు చూస్తారు, బ్యాటరీ చూస్తారు, పాలిష్ పెట్టిస్తారు. గ్లవ్ బాక్స్ వెనక ఒక వస్తువుందని వాళ్ళకి చెప్పేవాళ్ళుండరు. పిల్లల్ని బడికి దింపడానికని సెకండ్ హ్యాండ్ చిన్నకారు కొనుక్కున్నవాళ్ళు నా పరిచయంలోనే నలుగురున్నారు. నలుగురి కార్లూ విప్పించాను. రెండిట్లో ఫిల్టర్ మాదానిలాగే ఉంది. ఒకదానిలో ఎవరో తీసేసి ఖాళీ వదిలేశారు. ఒక్కదానిలో మాత్రం బాగుంది.

మా కారులో కొత్తది వేసిన రోజు బ్లోయర్ ఒకటిలో పెడితేనే, ఇదివరకు నాలుగులో వచ్చినదానికంటే ఎక్కువ గాలి వచ్చింది. పాత వాసన మాత్రం పూర్తిగా పోలేదు. కాయిల్ మీద నురగలాంటి క్లీనర్ కొట్టించాక చాలావరకు తగ్గింది. నాన్నకి దగ్గు పోలేదు. ఇన్‌హేలర్ వాడుతూనే ఉన్నారు. కానీ కాజ దగ్గర అద్దాలు దించమని ఆ తర్వాత అడగలేదు. మొన్న మే నెలలో డాక్టరు దగ్గరికి వెళ్తుంటే, తన వైపున్న ఏసీ జాలీని వేలితో తిప్పి ముఖానికి పెట్టుకున్నారు. ఇన్నాళ్ళూ దాన్ని అమ్మ వైపుకి తిప్పేసేవారు. కొత్త ఫిల్టర్ ఫ్రేము మీద స్కెచ్ పెన్నుతో తేదీ, కిలోమీటర్ల రీడింగు రాసింది కూడా ఆయనే, యార్డు ఖాతా పుస్తకాల్లో రాసే ఆ గొలుసు అంకెల్లో.

ఈ సంగతంతా విని తెనాలి నుంచి బాబాయి ఫోన్ చేశాడు. ఆయనదీ మాకు దగ్గర దగ్గర అదే కాలం నాటి కారు, వేరే కంపెనీది. గ్లవ్ బాక్స్ విప్పి వీడియో కాల్లో చూపించాడు. నల్ల డబ్బా ఉంది, మూత ఉండాల్సిన చోట గీతలున్నాయి, క్లిప్పులు లేవు. మూత డబ్బాతో కలిపి ఒకే అచ్చులో పోసేశారు. మన దేశంలో చాలా చిన్నకార్లకి, ముఖ్యంగా తక్కువ ధర వేరియంట్లకి, ఏళ్ళ తరబడి ఇలాగే చేశారు. లోపల ఫిల్టర్ కోసం గాడి ఉంటుంది, ఫిల్టర్ ఉండదు. ఆ గీతల వెంట జాగ్రత్తగా కోసి, ముక్కలు బ్లోయర్‌లో పడకుండా తీసి, ఫిల్టర్ పెట్టి, విడిగా దొరికే మూత బిగించాలి.

"అయితే ఇన్నేళ్ళూ మధ్యలో ఏమీ లేదన్నమాట అమ్మాయ్" అన్నాడు. పిన్నికి కూడా ఏసీ పడదు.

ఆదివారం తెనాలి వెళ్తున్నాను. ఫిల్టర్, మూత ఆటోనగర్‌లో దొరికాయి. హాక్సా బ్లేడు నాన్న అటక మీద నుంచి వెతికి తెచ్చి సంచిలో పెట్టారు.